చదివి దాటాలె

మొన్న మహబూబాబాద్‌లో మాకు శిక్షణ తరగతులు పెట్టారు. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల చేత చదివించడం, రాయించడం ఎలా అన్నది విషయం. గోడ మీద పడుతున్న బొమ్మలో ఒక పిల్లవాడు, ఒక నిచ్చెన, నిచ్చెన చివర ఒక పుస్తకం ఉన్నాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా చెప్పే సారు మళ్ళీ మొదటి బొమ్మ నుంచే మొదలుపెడుతున్నాడు కాబట్టి, పాపం ఆ పిల్లవాడు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. నా పక్కన కూర్చున్న భూపాలపల్లి సారు నిద్రలో మెల్లగా ఒరుగుతూ, తన జిల్లా సరిహద్దు దాటి నా భుజం మీదికి వచ్చేశాడు.

టీ విరామంలో, అంటే మిరపకాయ బజ్జీల విరామంలో, జనగామ నుంచి వచ్చిన పాత మిత్రుడొకడు దగ్గరికి వచ్చాడు.

"మన ఆపా పోయింది, ఎరుకేనా? నిన్ననే జఫర్‌గఢ్‌ల మట్టి చేసిన్రట."

నేను చేతిలోని బజ్జీని మళ్ళీ కాగితంలో పెట్టేశాను. తర్వాత లోపలికి వెళ్ళి కూర్చున్నాను గానీ, ఆ నిచ్చెన పిల్లవాడు ఎక్కాడో దిగాడో నాకు తెలియదు.

ఆమె పేరు చెప్పను. జీతం బిల్లుకు తప్ప ఎవరికీ పనికిరాని పేరు అది. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఊళ్ళో హిందువులకూ ముస్లింలకూ, పసివాళ్ళకూ ముసలివాళ్ళకూ ఆమె ఆపాయే. ఒకసారి ఆమె భర్త బడికి ఫోన్ చేసి, "సార్, ఆపా ఉన్నదా?" అని అడిగి, వెంటనే "యా అల్లా!" అని పెట్టేశాడు. అలవాటు అంత గట్టిది.

లింగాల ఘనపూర్ వైపు పోయే రోడ్డు మీద మా ఊరి బడి. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరం టీచర్లం. మూడు, నాలుగు, ఐదు తరగతులు నావి. ఒకటి, రెండు ఆమెవి. నౌకరీలో చేరిన నాటి నుంచి ఒకటీ రెండూ తప్ప ఇంకో తరగతి ముట్టలేదామె. పెద్ద తరగతులు ఇస్తామన్నా వద్దనేది.

"నువ్వు సున్నమేస్తవు తమ్మీ, అందరు చూస్తరు. నేను పునాది తవ్వుత, ఎవ్వలు చూడరు. గోడ కూలిన్నాడు మాత్రం నన్నే అడుగుతరు."

ఆమె గొంతు గురించి చెప్పాలి. ఆమె మా బడిలో 'అ' అంటే జనగామ స్టేషన్‌లో రైలు బయలుదేరేదని ప్రతీతి. అది నేను కళ్ళారా చూడలేదు. కానీ మా బడి వెనక చేన్లో పత్తి ఏరే ఆడవాళ్ళకు ఒక్క సీజన్‌లో అచ్చులన్నీ వచ్చేశాయన్నది మాత్రం పచ్చి నిజం. హల్లులు చెప్పే నాటికి పత్తి అయిపోయింది, లేకపోతే చేను మొత్తం పరీక్ష పాసయ్యేది.

ఆమె నల్ల సంచి ఒకటి. అందులో ఏముందని అడగకూడదు, ఏమి లేదని అడగాలి. తడిగుడ్డ, పిన్నీసులు, సూదీ దారం, పేన్ల దువ్వెన, జండూలాంటి ఏదో తలనొప్పి మందు, బిస్కెట్లు, అన్నిటి కిందా చాక్‌పీసుల డబ్బా. చాక్‌పీసును ఆమె కంసాలి బంగారాన్ని చూసినట్టు చూసేది. గోటితో గీకి, వెలుగులో తిప్పి, "గిది ఉత్త పిండి, నక్కో" అని పక్కన పడేసేది. నక్కో అంటే వద్దు. ఆ మాటతో ఆమె కొట్టేసిన సరుకును కలిపి ముద్ద చేస్తే మా బడికి మూడో గది కట్టి ఉండవచ్చు.

ఇక ఆమె పని తీరు. మా గదుల నేల షాబాదు బండలు. ఆ బండలను చూసి నాకు చల్లగా ఉన్నాయన్న ఆలోచన తప్ప ఇంకోటి ఎప్పుడూ రాలేదు. ఆపాకు మాత్రం అది భూమిలా కనిపించింది. బడిలో కొత్త పిల్ల చేరిన రోజు చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఒక బండ మీద నిలబెట్టేది.

"గిది నీ చెల్క. పట్టా నీ పేరు మీదనే ఉన్నది. రోజు దున్నాలె. దున్నకుంట పడావు పెట్టినవనుకో, గుంజుకుంట."

దున్నడం అంటే ఇంట్లో జరిగిన సంగతి ఏదో ఒకటి ఆ బండ మీద రాయడం. రాయడం రాని పిల్ల నోటితో చెబితే ఆపా రాసిపెట్టేది. పిల్ల ఏ మాట అంటే ఆ మాటే, ఒక్క పొల్లు కూడా మార్చేది కాదు. ఆ రాత మీదే పిల్ల ముందు వేలుతో, తర్వాత చాక్‌పీసుతో దిద్దేది. మధ్యాహ్నం గంట కొట్టాక పుస్తకం తెరిచేవాళ్ళు. "పొద్దుగాల పంట పిల్లలది, పగటీలి పంట పుస్తకానిది" అనేది ఆపా.

ఆ భూమికి ఒకే ఒక్క చట్టం ఉండేది. ఎవరి బండ దాటాలన్నా, దాని మీద రాసింది చదివి దాటాలి. మంచినీళ్ళకు పోవాలంటే చదవాలి. ఒంటికి పోవాలంటే చదవాలి. కొత్తవాళ్ళకు తలుపు పక్క బండ. చదువు వచ్చిన కొద్దీ లోపలికి జరిపేది. గోడ మూల బండ అంటే కలెక్టర్ పోస్టుతో సమానం. ఆ మూల నుంచి ఒంటికి బయలుదేరిన పిల్లవాడు దారి పొడవునా ఊరి సంగతులన్నీ చదివే వేగం చూసి తీరాలి. ఈ రోజుకీ నేను ఆ వేగంతో పేపరు చదవలేను. ఎవరైనా దూకబోతే ఆపా తల ఎత్తకుండానే, "దూకినవా? మల్ల మొదటికెల్లి రా" అనేది. పాపం ఆ అత్యవసర సమయంలో మొదటి నుంచి రావడం ఎంత కష్టమో తెలిసినవాడు జన్మలో మళ్ళీ దూకడు.

ఒకసారి పైఆఫీసు నుంచి ఒక సారు తనిఖీకి వచ్చాడు. ఆపా బల్ల గదికి ఆ చివర. ఆయన బూట్లతో నడవబోతే తలుపు పక్క పిల్ల రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"సార్, సదివి దాటాలె."

ఆయనకు ఆ రోజు మంచి మూడ్ ఉన్నట్టుంది. వంగి చదివాడు. 'మా బర్రె ఈనింది. దుడ్డె సచ్చిపోయింది. మా అవ్వ బువ్వ తినలే.'

"ఇదేం భాషండీ? పుస్తకంలో ఉన్నట్టు రాయించాలి కదా!" అన్నాడు.

"సార్, బర్రె పుస్తకంల ఈనలే. వాళ్ళ కొట్టంల ఈనింది" అంది ఆపా. "ముందుగాల పిల్ల నోట్లున్నది నేల మీదికి రానీ. నేల మీదికెంచి పుస్తకంలకు నేను తోల్కపోత."

ఆయన పుస్తకం కూడా చదివించి చూశాడు. చాలామంది బాగానే చదివారు, కొందరు తడబడ్డారు. ఆయన వెనక్కి తిరిగాడు. ఈలోగా పిల్లలు బండలు తుడిచి కొత్తవి రాసేశారు. కాబట్టి వెళ్ళేటప్పుడు మళ్ళీ అన్నీ చదువుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది. ఆయన జీపు అందుకునే సరికి పొద్దు గూకిందని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను అలా అనను. కొంచెం ఆలస్యమైంది, అంతే.

ఎందుకిలా నేర్పుతావని ఒకరోజు బస్సులో అడిగాను.

"మా ఇంట్ల ఉర్దూ. బయట గిట్ల మాట్లాడుత. బడికి పోతె పుస్తకంల ఇంకో తీరు. ఒకటో తరగతి మొత్తం నేను మూగదాన్ని తమ్మీ. ఆ పుస్తకంల మాట్లాడెటోళ్ళు ఎవలో, ఏ ఊరోళ్ళో నాకు ఎరుక లేదు. మావోళ్ళెవ్వలు అండ్ల లేరు" అని, సంచిలోంచి బిస్కెట్ తీసి నా చేతిలో పెట్టింది. ఆ విషయం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

అప్పుడే జనగామలో ఒక ఇంగ్లీషు మీడియం బడి తెరిచి, మా ఊరికి పసుపుపచ్చ బస్సు పంపడం మొదలుపెట్టారు. ఆ బస్సు హారన్ కొడితే పిల్లలకంటే ముందు తండ్రులు పరుగెత్తేవాళ్ళు. మా ఊళ్ళో ఎరువుల దుకాణం ఆయన ఒకడుండేవాడు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక గ్రామ కమిటీకి ఆయనే కన్వీనర్ అయ్యాడు. ఊరు ఆయన వెంట నడిచేది. ఆయన మిర్చి వేస్తే ఊరంతా మిర్చి, ఆయన పత్తి వేస్తే ఊరంతా పత్తి. ఆయన కూతురు సంధ్య ఆపా దగ్గర రెండో తరగతి. ఒకరోజు ఆయన బడికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఆపా, ఏమనుకోకు. దసరా అయినంక సంధ్యను బస్సు ఎక్కిస్త."

"ఎందుకు బిడ్డా?"

"పేపరు ముంగటేస్తె ఒక్క ముక్క సదువది. బండ మీద రాస్తది, సరే. రేపు పెద్ద సదువుకు బండలు మోసుకొని పోతదా?"

సంధ్య ఒక్కతే కాదు. ఆమె బస్సెక్కితే ఊరంతా ఎక్కుతుంది. పిల్లలు తగ్గితే మా బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు. బస్సు ఫీజు కట్టలేనివాళ్ళ పిల్లలు ఆ పక్క ఊరికి చేలగట్ల మీద నడిచి పోవాలి, లేదా మానేయాలి. ఆపాకు ఇదంతా ఒక్క క్షణంలో అర్థమైందని ఆమె చాక్‌పీసు విరగడం చూసి నాకు తెలిసింది.

"దసరా దాక ఆగు. పదిమంది ముంగట నిలవెట్టు. దానంతల అది రాస్తది, పదిమందికి వినపడేటట్టు సదువుతది. చెయ్యకపోతె నేనే చెయ్యి వట్టి బస్సు ఎక్కిస్త."

"మాట?"

"ఖుదాకి కసమ్."

దేవుడి మీద ఒట్టు వేసిన తర్వాత ఇక అప్పీలు లేదు. సంధ్య అప్పటికి తలుపు పక్క నుంచి నడిమి వరుసకు వచ్చింది. అక్షరాలు వచ్చాయి, మాటలు కూడుతున్నాయి. వాక్యం మాత్రం సగంలో తెగిపోయేది. పైగా నలుగురు చూస్తే ఆ పిల్ల నోరు తెరిచేది కాదు, చీమ కూడా చెవి ఒగ్గి వినాల్సిందే. అయినా దసరా దాకా టైం ఉందిలే అనుకున్నాం.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి, బడులకు తాళాలు పడ్డాయి. మా బడికి తాళం వేసింది ఆపాయే. నేను వేస్తానంటే ఇవ్వలేదు. మునుపెప్పుడో ఒక శిక్షణలో ఆమె లేచి ఏదో చెబుతుంటే, వెనక వరుసలో ఎవరో సినిమాల్లో హాస్యగాళ్ళు మన తెలంగాణ మాట మాట్లాడినట్టు మాట్లాడి నవ్వించారట. "నేను నవ్వులాటకు చెప్పలే తమ్మీ, పిల్లల ముచ్చట చెప్పిన" అందొకసారి. ఉద్యమంలో దిగడానికి అందరికీ నదుల నీళ్ళు, కొలువులు కారణమైతే, ఆమెకు అవి కాక ఇదొకటి.

"ఆపా, మరి దసరా సంగతి?" అన్నాను, ఆమె తాళం లాగి చూస్తుండగా.

"ఏసినంక తీసుడు ఉండది." రెండడుగులు నడిచి ఆగింది. "గని అది మర్సిపోతది తమ్మీ. కొత్తగ వచ్చిన అక్షరం పాల లెక్క. చూసుకోకపోతె ఇరిగిపోతది."

ఊరి మూలమలుపు దగ్గర రోడ్డు పక్కన దీక్షా శిబిరం వేశారు. రోజుకు కొందరు పూలదండలు వేసుకుని పొద్దున నుంచి సాయంత్రం దాకా ఉపవాసం కూర్చోవడం, సాయంత్రం నిమ్మరసం తాగి లేవడం, మర్నాడు ఇంకొందరు కూర్చోవడం. ఆపా ఎక్కడుంటే పిల్లలు అక్కడుంటారు కాబట్టి మర్నాటికే శిబిరం ముందు మా రెండో తరగతి మొత్తం చేరింది. ఆపా సంచిలోంచి చాక్‌పీసుల డబ్బా బయటికి వచ్చింది. కన్వీనర్ పరుగున వచ్చాడు.

"ఆపా, గిదేంది? సమ్మె అంటె సమ్మె. నువ్వు పాఠం చెప్తె సమ్మె తప్పినట్టే!"

"నేనేడ చెప్తున్న? వాళ్ళు రాస్తున్నరు."

"నువ్వు చెప్పకుంటె వాళ్ళెట్ల రాస్తరు?"

శిబిరంలో పెద్ద చర్చ లేచింది. పార్లమెంటులో మన రాష్ట్రం గురించి ఏనాడూ జరగనంత చర్చ. చివరికి దండ వేసుకుని కూర్చున్న ఒక పెద్దాయన గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు.

"పోరగాండ్లు నినాదాలు రాసుకోవచ్చు, అది ఉద్యమమే. ఆపా మాత్రం నోరు తెరువద్దు. తెరిస్తె అది పాఠమే."

ఆపా చెయ్యెత్తి దణ్ణం పెట్టి ఒప్పుకుంది. తెలంగాణ కోసం అత్యంత కఠినమైన త్యాగం చేసినవారు ఎవరన్న చర్చ వస్తే, ఆ గొంతును అన్ని రోజులు మూసి ఉంచిన ఆపా పేరు మొదట చెబుతాను నేను.

బస్సులు నడవని రోడ్డు ఖాళీగా నల్లగా పడి ఉంది. పిల్లలు దాన్ని గీతలు గీసి పంచుకున్నారు. అందరి గళ్ళలోనూ 'జై తెలంగాణ'. చదివి దాటే చట్టం ఎవరూ చెప్పకుండానే అక్కడికీ వచ్చింది. అయితే ఒకే నినాదాన్ని ఎంతసేపని చదివి దాటుతారు? పిల్లలకు విసుగొచ్చింది. మెల్లగా నినాదం పైన ఒక వరుస ఇంటి సంగతి చేరింది. తర్వాత రెండు వరుసలు. చివరికి నినాదం ఉత్తరం కింద సంతకంలా మిగిలింది. ఆపా అన్నీ చూసింది. ఏమీ అనలేదు. తీర్పు ప్రకారం నోరు తెరవకూడదు కదా! కనుబొమలు మాత్రం ఎగరేసేది. ఎడమ కనుబొమ ఎగిరితే మళ్ళీ చదువు అని, కుడిది ఎగిరితే శభాష్ అని పిల్లలు కనిపెట్టేశారు. సంధ్య ఎప్పుడూ ఒక మూల గడి తీసుకుని, మోచేతితో దాచుకుంటూ రాసేది.

దసరా దగ్గర పడింది. ఒకరోజు కన్వీనర్ స్వయంగా ఉపవాసం కూర్చున్నాడు. మధ్యాహ్నం ఫోన్ మాట్లాడి వస్తానని కాసేపు లేచి వెళ్ళాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. సాయంత్రం ఆపా చేతి మీదుగా నిమ్మరసం తాగాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి నీరసంతో వణికింది. చూసినవాళ్ళందరి కళ్ళూ చెమర్చాయి, నావి కూడా.

మర్నాడు రాస్తారోకో. అప్పటి దాకా అడపాదడపా తిరుగుతున్న లారీలు కూడా రెండు వైపులా నిలిచిపోయాయి. జనగామ నుంచి టీవీ కెమెరా వచ్చింది. పిల్లలు పొద్దున్నే వచ్చి రోడ్డు దున్నేశారు. కన్వీనర్ మైకు పట్టుకుని నినాదాలిస్తూ రోడ్డు మధ్యలోకి వస్తున్నాడు. ఒక గడి దగ్గరికి వచ్చే సరికి సంధ్య లేచి నిలబడింది.

"నాయినా, సదివి దాటాలె!"

అంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడడం మేమెవరం ఎప్పుడూ వినలేదు. జనం చప్పట్లు కొట్టారు. కన్వీనర్ ముఖం వెలిగిపోయింది. మైకు నోటి దగ్గరే ఉంచుకుని, వంగి, ఊరంతా వినేలా చదవడం మొదలుపెట్టాడు.

"మా నాయిన... దీక్షల కూసున్నడు."

"జై తెలంగాణ!" అన్నారు జనం.

"నడుమల..." అని ఆగిపోయాడు.

నేను ఆయన భుజం మీదుగా చూశాను. గుండ్రటి అక్షరాలు, వరుసలు వంకర లేవు, ఒక్క వాక్యం కూడా సగంలో తెగలేదు.

'మా నాయిన దీక్షల కూసున్నడు. నడుమల ఇంటికి అచ్చిండు. కోడికూర తిన్నడు. మూతి తుడుసుకొని మల్ల పోయిండు. జై తెలంగాణ.'

"సదువన్నా! ఆగినవేంది?" అని అరిచారు వెనక నుంచి.

"బిడ్డ రాత చూసి గుండె నిండినట్టున్నది" అన్నారు ఇంకెవరో.

తీర్పు చెప్పిన పెద్దాయన కళ్ళజోడు సవరించుకుంటూ, "ఏదీ, నేను సదువుత" అని ముందుకు వస్తున్నాడు. కెమెరా అతను కూడా ఇటే తిరిగాడు. నేను ఆపా వైపు చూశాను. ఆమె నాకంటే ముందే చదివేసింది. ఆమెకు కావలసింది ఇదే కదా! పదిమంది ముందు, ఆ పిల్ల తనంతట తాను రాసిన రాత. వెనక నుంచి పెద్దాయన చదవనక్కర్లేదు, సంధ్యనే చదవమంటే నిలబడి టకటకా చదివేసేలా ఉంది. ఆపా కుడి కనుబొమ పైకి లేస్తే చాలు, బడి నిలబడుతుంది. ఆయన ముఖం మాత్రం ఊళ్ళో ఇక నిలబడదు. ఆయనతో పాటు శిబిరం కూడా టీవీలో నవ్వులపాలవుతుంది.

"జరుగు!" అంది ఆపా. తీర్పు తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. లారీల అద్దాలు అదిరాయి. పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఆపా చీర సర్దుకుని, ఆ గడి మీద, సరిగ్గా ఆ అక్షరాల మీద కూర్చుంది.

"గిదేంది ఆపా, గిక్కడ కూసున్నవు?" అన్నాడు పెద్దాయన.

"రాస్తారోకో గదా! రోడ్డు మీద కూసోక నీ నెత్తి మీద కూసోవాల్నా?"

జనం ఘొల్లుమన్నారు. వెంటనే ఆడవాళ్ళందరూ ఆమె చుట్టూ కూర్చున్నారు. ఎస్సై వచ్చాడు.

"అమ్మా, లేవండి. లారీలు పోవాలి."

"లేవ."

"లేవకపోతే ఎత్తి వ్యాన్‌లో వేయాల్సి వస్తుంది."

"ఎత్తు బిడ్డా, ఎవలొద్దన్నరు?"

ఆడ కానిస్టేబుళ్ళు ఎత్తబోతే ఆపా అటూ ఇటూ జరిగింది కానీ లేవలేదు. అలా ఎంత జరిగితే కింద రాత అంత చెరిగిపోతుందని వాళ్ళకు తెలియదు. వాళ్ళు మొదటి ప్రయత్నంలో ఓడిపోయి, ఘనపూర్‌కు కబురు పంపి అదనపు బలగాన్ని తెప్పించారని ఊళ్ళో చెప్పుకుంటారు. అదనపు బలగం అంటే టీ తాగడానికి వెళ్ళిన ఇంకో ఇద్దరు. చివరికి ఆమె లేచేటప్పటికి రోడ్డు మీద తెల్లటి మరక తప్ప ఏమీ మిగల్లేదు. సంధ్య ఏడుపు అందుకుంది.

"నాది ఎవ్వలు సదువలే ఆపా!"

"మీ నాయిన సదివిండు బిడ్డా. నేను సదివిన. జాన్‌దార్ రాసినవు, పానం పోసినవు" అని ఆ పిల్ల బుగ్గ నిమిరి ఆపా వ్యాన్ ఎక్కింది. 'పాఠాల ఆపా పోలీసు వ్యాన్‌లో' అంటూ ఆ సాయంత్రం టీవీలో ఆమెను చూపించారు. ఎందుకు లేవలేదో ఎవరూ అడగలేదు.

మమ్మల్నందర్నీ తెచ్చి ఠాణా ఆవరణలో కూర్చోబెట్టారు. ఆపా గోడకు ఆనుకుని కూర్చుని కదలడం లేదు. మంచినీళ్ళు తెచ్చినా లేవలేదు. నేను దగ్గరికి వెళితే గొంతు తగ్గించి, "తమ్మీ, ఎనుక చూడు, ఏమన్న కనవడుతున్నదా?" అంది. చూశాను. ముదురు రంగు చీర మీద చాక్‌పీసు అద్దుకుని 'కోడికూర' అన్న మాట అద్దంలోలా తిరగబడి అచ్చుపడి ఉంది. నమ్మండి, నమ్మకపోండి. కనీసం 'కో' అయితే ఉంది. ఆమె సంచిలోంచి తడిగుడ్డ తీసి ఇచ్చాను.

కాసేపటికి కన్వీనర్ వచ్చి, కొంచెం దూరంలో నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు గడ్డి పరకలు పీకాడు.

"మొత్తం సదివినవా?" అంది ఆపా.

"సదివిన ఆపా."

"తప్పులున్నయా?"

"ఒక్కటి గూడ లేదు."

"సరే మరి. పదిమంది ముంగట సదివిపిస్తనన్న, సదివియ్యలే. మాట నాదే తప్పింది. దసరా ఎల్లినంక చెప్పు, నేనే అచ్చి బస్సు ఎక్కిస్త."

ఆమె మామూలుగానే అంది, రేపు పాలు ఎన్ని గంటలకు వస్తాయని అడిగినట్టు. కన్వీనర్ ఇంకొన్ని పరకలు పీకాడు. ఆ మూల గడ్డి అప్పటి నుంచి మొలవలేదంటే అతిశయోక్తి కాదు.

"బస్సు వద్దాపా."

"ఎందుకు?"

"ఆ బడికి పంపిననుకో, రేపు గిసొంటియన్ని ఇంగ్లీషుల రాస్తది. నా మీద ఏం రాసిందో నాకు తెల్వకుంట పోతది."

ఆపా పెదవులు బిగపట్టి ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. అన్ని రోజులు మూసిపెట్టిన గొంతు ఒక్కసారిగా తెరుచుకుంది. నినాదాలు మళ్ళీ మొదలయ్యాయనుకుని ఎస్సై టోపీ పెట్టుకుంటూ బయటికి పరుగెత్తుకొచ్చాడు.

ఆయన లోపలికి పోయాక కన్వీనర్ ఇంకొంచెం దగ్గరికి జరిగి, అటూ ఇటూ చూశాడు.

"ఇంకో మాట ఆపా. ఇగ మీదికెల్లి మా ఇంట్ల కూర వండిన్నాడు నీకు గూడ ఒక డబ్బ పంపుత."

"పంపు బిడ్డా" అంది ఆపా, కళ్ళు తుడుచుకుంటూ. "గని అది గూడ రాస్తది."